రోడ్డు మీద పడుకునేవాళ్ల కోసం మున్సిపాలిటీ ఏ పద్దు నుంచి ఖర్చు పెట్టాలి?

నిరాశ్రయుల షెల్టర్‌కు శంకుస్థాపన చెయ్యడానికి ఏదో ఒక మూల నుంచి డబ్బు దొరుకుతుంది. అర్ధరాత్రి బస్టాండు ప్లాట్‌ఫాం మీద గొంతుక్కూచుని, "పెద్దాయనా, ఇక్కడ దోమలు పీకేస్తున్నాయి, లోపలికొచ్చి పడుకోండి" అని నాలుగో రాత్రి కూడా ఓపిగ్గా అడిగే మనిషికి జీతమివ్వడానికి మాత్రం దొరకదు. ఒక పట్టణంలో షెల్టర్ నడిపే సంస్థతో కొన్నేళ్లు తిరిగాక నాకు తేలింది ఇది. అందుకే ఏ నిధి మేలని కౌన్సిలర్లో, స్వచ్ఛంద సంస్థల వాళ్లో అడిగితే ఎదురు ప్రశ్న వేస్తుంటాను: ఆ డబ్బుతో ఎవరికి జీతమివ్వచ్చు, ఎన్నేళ్లు ఇవ్వచ్చు?

ఇది మా పని కాదని మున్సిపాలిటీ తప్పించుకోలేదు. పట్టణ పేదరిక నిర్మూలన రాజ్యాంగం 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీల పనుల జాబితాలోనే ఉంది. 5 లక్షల జనాభా దాటిన నగరాల్లో లక్ష మందికి కనీసం ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడుగునా, రోజంతా తెరిచి ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనగణన వాళ్లు లెక్కపెట్టినప్పుడు దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షలు తేలారు. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 1.45 లక్షలు. ఒక్క రాత్రిలో, వంతెనల కిందా షట్టర్ల ముందూ వెతికి రాసిన లెక్క అది. ఎంతమంది తప్పిపోయి ఉంటారో ఒక్క రాత్రి రౌండుకు వెళ్లినవాళ్లెవరైనా ఊహించగలరు.

మిషన్ డబ్బు: భవనం మిగిలింది, గడువు తీరింది

మన ఊళ్లలో మెప్మా (మున్సిపాలిటీల్లో పేదరిక నిర్మూలన చూసే రాష్ట్ర సంస్థ) బోర్డుతో కనిపించే షెల్టర్లలో చాలావాటికి మూలం జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్. 2013లో మొదలైంది. కేంద్రం 60, రాష్ట్రం 40 వాటా. కొత్త భవనం కట్టుకోవచ్చు, పాత కమ్యూనిటీ హాలును బాగుచేసుకోవచ్చు. 50 మంది షెల్టర్‌కు నిర్వహణ కింద ఏడాదికి 6 లక్షలు, ఐదేళ్లపాటు.

ఆ 6 లక్షలను విడదీసి చూడండి. నెలకు 50 వేలు. తలకు నెలకు వెయ్యి, అంటే రోజుకు 33 రూపాయలు. మేనేజరు ఒకరు, మూడు షిఫ్టులకు ముగ్గురు కేర్‌టేకర్లు కావాలి కదా. కరెంటు బిల్లు, ఫినాయిల్, దుప్పట్లు ఉతికించడం అన్నీ పక్కన పెట్టి మొత్తం జీతాలకే పంచినా మనిషికి 12,500 దాటదు. రాత్రుళ్లు ఊరంతా తిరిగే మనిషికి ఇందులో చోటు ఎక్కడ? షెల్టర్ తలుపు తీసుంటే జనం వాళ్లంతట వాళ్లే వచ్చేస్తారన్న నమ్మకం మీద వేసిన లెక్క ఇది. వాళ్లు రారు. తోపుడుబండి ఎక్కడ పెట్టాలి, చిత్తుకాగితాల మూట ఎవరు చూస్తారు, తాగొస్తే రానిస్తారా, కుక్కపిల్లను ఏం చెయ్యాలి అని వాళ్లకు వంద సందేహాలుంటాయి. అవన్నీ సబబైన సందేహాలే.

వచ్చిన డబ్బయినా సరిగ్గా ఖర్చయిందా అంటే అదీ లేదు. చాలా రాష్ట్రాల్లో నిధులు అందినా షెల్టర్లు లేవని గమనించే సుప్రీంకోర్టు 2016 నవంబరులో జస్టిస్ కైలాష్ గంభీర్ కమిటీని వేసింది.

మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. దాని స్థానంలో రాబోయే పథకాన్ని ముందు 25 నగరాల్లో ప్రయోగంగా మొదలుపెట్టారు. ఆ కొత్త పట్టణ పేదరిక నిర్మూలన మిషన్ ఖరారు దశలో ఉందని, నిరాశ్రయుల వసతి కూడా అందులో ఉంటుందని 2025 ఫిబ్రవరిలో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. నా సలహా ఒకటే. మీ ఊళ్లో మిషన్ కట్టించిన భవనం ఉంటే దాన్ని పట్టుకోండి, మరో ఆఫీసుకో గోడౌనుకో మళ్లించకుండా కౌన్సిల్ తీర్మానం చేయించండి. కొత్త పథకం మార్గదర్శకాలు చేతిలో పడేదాకా ఆ డబ్బు నమ్ముకుని ఎవరికీ ఉద్యోగం ఇస్తామని మాత్రం మాటివ్వకండి.

సొంత జనరల్ ఫండ్

నన్నడిగితే మొదటి స్థానం దీనిదే. ఆస్తిపన్ను, ఖాళీ స్థలాల పన్ను, దుకాణాల అద్దెలు, ప్లాన్ల ఫీజులు కలిసిన డబ్బు. ఏ పనికైనా వాడుకోవచ్చు, కౌన్సిల్ ఒప్పుకుంటే చాలు. అందరూ ముందు పెదవి విరిచేదీ దీని గురించే. "పారిశుద్ధ్య కార్మికుల జీతాలకే చాలడం లేదండీ" అంటారు. చిన్న మున్సిపాలిటీల్లో అది నిజం కూడా. కరెంటు బిల్లులు, అవుట్‌సోర్సింగ్ జీతాలు పోగా మిగిలేది తక్కువే.

కానీ అడుగుతున్నది ఎంతో చూడండి. రాత్రి రౌండుకు ఇద్దరు, నెలకు 15 వేల చొప్పున వేసుకుంటే ఏడాదికి 3.6 లక్షలు. ఆధార్, పెన్షన్, రేషన్ కాగితాల వెంట తిరగడానికి ఇంకొకరు, 1.8 లక్షలు. మొత్తం 5.4 లక్షలు. చాలా ఊళ్లలో ఒక వార్డులో వేసే సీసీ రోడ్డు ముక్క కంటే ఎక్కువ కాదు.

ఆ మూడో మనిషి గురించి కాస్త ఆగి చెప్పాలి. గుర్తింపు పొందిన షెల్టర్ వార్డెన్ ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్ కోసం ఒప్పుకుంటారు. ఇది తెలియక ఏళ్ల తరబడి ఏ గుర్తింపూ లేకుండా గడిపినవాళ్లను చూశాను. ఆధార్ చేతికొస్తే మిగతా కాగితాలకు దారి పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పెన్షన్ ఇప్పుడు నెలకు 4,000. అంటే అర్హత ఉన్న ఒక్క పెద్దామెకు పెన్షన్ కట్టించగలిగితే ఏడాదికి 48 వేలు నేరుగా ఆమె చేతికొస్తాయి. షెల్టర్‌లో తలకు పెట్టే 12 వేలతో పోల్చి చూడండి. తెలంగాణలో 2,016 లెక్కన చూసినా 24 వేలు దాటుతుంది. ఏడాదికి 1.8 లక్షల జీతం తీసుకునే మనిషి పది మందికి పెన్షన్ కట్టిస్తే ఊరికి తిరిగొచ్చేది ఎంతో మీరే గుణించుకోండి. ఇంత లాభసాటి ఉద్యోగానికి ఏ కేంద్ర పథకంలోనూ పద్దు పేరు నేను చూడలేదు. జనరల్ ఫండ్‌లో మాత్రం పెట్టుకోవచ్చు.

చిక్కులు రెండు. కమిషనర్ మారితే మనసు మారుతుంది. విడిగా పద్దు లేకపోతే "ఇతర ఖర్చులు" కింద రాస్తారు, మరుసటి ఏడాది ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది, దాంతో ఆ పని మూతబడుతుంది. అందుకే బడ్జెట్ పుస్తకంలో "నిరాశ్రయుల సేవలు" అని ఒక వరుస ఉండాలి, మొదటి ఏడాది లక్ష రూపాయలే రాసినా సరే. ఒకసారి వరుస పడితే అంకె పెంచమని అడగడం తేలిక. బడ్జెట్ సమావేశం రోజున వెళ్లి అడిగితే లాభం లేదు, అకౌంట్స్ సెక్షన్‌లో అంచనాలు తయారయ్యే రోజుల్లోనే, డిసెంబరు, జనవరి నెలల్లో, వాళ్ల బల్ల ముందు కూచోవాలి.

ఆర్థిక సంఘం గ్రాంటు

15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్లు సిఫారసు చేసింది. అంకె చూసి ఆశపడకండి. పది లక్షల లోపు పట్టణాలకు అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే ముడిపెట్టారు. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు, జీతాలకు తప్ప. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లాంటి పెద్ద నగరాలకు దారి వేరు, వాటి గ్రాంటు గాలి నాణ్యతకు, నీటికి, చెత్తకు కట్టేశారు.

ఆ కాలం ముగింపుకొచ్చింది, తర్వాతి నిబంధనలను జీవో చదివాకే లెక్కలోకి తీసుకోవాలి. అయితే ఒక పాఠం పనికొస్తుంది. ఆర్థిక సంఘం డబ్బుతో షెల్టర్‌కు మరుగుదొడ్లు, బోరు, నీళ్ల ట్యాంకు, పైకప్పు చేయించుకోండి. మనుషుల ఖర్చు దాని మీద వెయ్యాలని చూడకండి. ఇంజనీరింగ్ సెక్షన్‌కు కూడా ఇలాంటి పనులే అర్థమవుతాయి, ఎస్టిమేట్ వేస్తారు, కొలతల పుస్తకంలో రాస్తారు, బిల్లు కదులుతుంది.

స్మైల్: భిక్షాటన పేరుతో వచ్చేది

కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2022 ఫిబ్రవరిలో తెచ్చిన స్మైల్ పథకంలో భిక్షాటన చేసేవాళ్ల పునరావాసం ఒక భాగం. పూర్తిగా కేంద్రం డబ్బే, రాష్ట్రం వాటా కోసం ఎదురుచూడక్కర్లేదు. పుణ్యక్షేత్రాలు, పర్యాటక, చారిత్రక నగరాలని మొదట 30 ఊళ్లను ఎంచుకున్నారు, అందులో విజయవాడ, వరంగల్ ఉన్నాయి. సర్వేకు, జనాన్ని కదిలించడానికి, షెల్టర్‌కు, నైపుణ్య శిక్షణకు ఖర్చు పెట్టుకోవచ్చు. రాత్రి రౌండు మనుషులకు కేంద్రం నుంచి డబ్బు వచ్చే దారి నాకు తెలిసి ఇదొక్కటే.

ఇబ్బందల్లా ఆ పేరుతోనే. రోడ్డు మీద పడుకునేవాళ్లలో చేయి చాచేవాళ్లు కొందరే. కేటరింగ్‌లో గిన్నెలు తోమేవాళ్లు, మార్కెట్ యార్డులో మూటలు మోసేవాళ్లు, మేస్త్రీ పిలిస్తే వెళ్లే కూలీలు, చెత్త ఏరుకునేవాళ్లు ఎక్కువ. "నేనేమన్నా బిచ్చగాడినా" అని ముఖం మీదే తలుపు వేస్తారు, తలుపు లేకపోయినా. పైగా 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం మన దగ్గర ఉండనే ఉంది. పెద్ద అతిథి వస్తున్నాడనగానే ఊడ్చేయడం దాని వెనక అలవాటు. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్‌లో పోలీసులు రెండు నెలలు భిక్షాటన నిషేధించి, దొరికినవాళ్లను జైళ్ల ప్రాంగణాల్లోని ఆశ్రమాలకు తరలించారు. అలాంటి తరలింపు ఒకసారి చూసినవాళ్లు మరుసటి ఏడాది మున్సిపాలిటీ జాకెట్ వేసుకున్న ఎవర్నీ దగ్గరికి రానివ్వరు. స్మైల్ డబ్బు తీసుకోండి, కానీ సర్వే చేసే బృందంలో పోలీసులు ఉండకూడదని మొదటి సమావేశంలోనే రాయించుకోండి.

కంపెనీల డబ్బు, దాతల డబ్బు

తిండికి దాతలు కొదవ లేదు. ఆదివారాలు, పుట్టినరోజులు, వర్ధంతులు. ఒకే రాత్రి మూడు బిర్యానీ పార్సిళ్లు వచ్చి, మంగళవారం ఏమీ లేని షెల్టర్లు నాకు తెలుసు. అటు అన్న క్యాంటీన్, ఇటు హైదరాబాద్‌లో అయిదు రూపాయల భోజనం ఉన్నచోట, మధ్యాహ్నం తిండికి మీ డబ్బు పెట్టక్కర్లేదు. రాత్రి భోజనానికి వారం రోజుల పట్టిక వేసి దాతలకు రోజులు పంచండి.

కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధి 2013 కంపెనీల చట్టం కింద వచ్చేది, లాభంలో 2 శాతం. ఒక ప్రాజెక్టును మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్లు మాత్రమే సాగించవచ్చు. ఫొటో పడే వస్తువుల మీద వాళ్లకు మోజు ఎక్కువ, దాన్ని తప్పు పట్టను. తాళం వేసుకునే లాకర్లు అడగండి, వాషింగ్ మెషీన్ అడగండి, తోపుడుబళ్లు పెట్టుకోవడానికి గొలుసులతో షెడ్డు అడగండి. లాకర్లు పెట్టించిన నెలలోనే మా దగ్గర మంచాలు నిండడం మొదలైంది. జీతాలు మాత్రం వీళ్ల మీద పెట్టుకుంటే నాలుగో ఏట రోడ్డున పడేది మీ సిబ్బందే.

సెస్సు మాటేమిటి?

కర్ణాటకలో 1975 భిక్షాటన నిషేధ చట్టం కింద ఆస్తిపన్ను మీద 3 శాతం సెస్సు ఉంది. స్థానిక సంస్థలు వసూలు చేసి అక్కడి సెంట్రల్ రిలీఫ్ కమిటీకి జమ చెయ్యాలి. ఏ ఎన్నికకూ ఏ కమిషనర్‌కూ చలించని ఆదాయం, కాగితం మీద. కానీ వసూలు చేసిన సెస్సును నగరపాలికలు సమయానికి జమచెయ్యడం లేదన్న గొడవ అక్కడ పాతదే. మనకిది కొత్త కథ కాదు. ఆస్తిపన్నుతో పాటు 8 శాతం గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం, బకాయిల కోసం గ్రంథాలయ సంస్థలు మున్సిపాలిటీల చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. సెస్సుకు చట్టం మారాలి, అది ఏ మున్సిపాలిటీ చేతిలోనూ లేదు. ఈ ఏడాది మీ ఊరికి ఇది ఎంపికే కాదు, అందుకే ఇంతటితో వదిలేస్తున్నాను.

కలిపి నడిపే మనిషి

నిధుల చర్చలో ఎప్పుడూ వెనకబడేది ఇది. రోడ్డు మీది మనిషి ఒకే రోజు నాలుగు శాఖల మనిషి. పుండు ఆసుపత్రిది, మతి చలిస్తే పోలీసులదీ మానసిక వైద్యులదీ, పెన్షన్ వార్డు సచివాలయానిది, పడక మున్సిపాలిటీది. ఈ శాఖల దగ్గర డబ్బు ఇప్పటికే ఉంది, మీరు కొత్తగా తేనక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం, మానసిక అనారోగ్యంతో దిక్కులేక తిరిగే మనిషిని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం స్టేషన్ అధికారి బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. చాలా స్టేషన్లలో ఈ సంగతి తెలియదు. తెలిసినా ఎర్రగడ్డ, చినవాల్తేరు మానసిక ఆసుపత్రులకు పంపే బండికి డీజిల్ ఎవరిదన్న ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. తమిళనాడు ఇలాంటివాళ్ల కోసం జిల్లా ఆసుపత్రుల్లోనే అత్యవసర సంరక్షణ కేంద్రాలు పెట్టింది, ఖర్చు ఆరోగ్య శాఖది.

ఢిల్లీలో 2010 చట్టంతో ఏర్పడిన పట్టణ షెల్టర్ మెరుగుదల బోర్డు ఒక్కటే షెల్టర్ల పనంతా చూస్తుంది. ఒక బోర్డు, ఒక బడ్జెట్. చలికాలంలో ప్రత్యేక ప్రణాళిక, రోడ్ల మీద తిరిగే రక్షక బృందాలు అందుకే సాధ్యమవుతున్నాయి. (మన ఊళ్లకు చలికాలం ప్రణాళిక కంటే మే నెల ప్రణాళిక ముఖ్యం. రామగుండం ఎండలో పగలు షెల్టర్ తలుపులు మూసేస్తే దానికి అర్థం లేదు.) మనవాళ్లు ఎంతోమంది ఉంటున్న అమెరికాలోని హ్యూస్టన్ ఇంకో దారి పట్టింది. అక్కడ కొత్త సంస్థ పెట్టలేదు. వందకు పైగా సంస్థలు ఒకే జాబితా పెట్టుకుని, కేంద్రం డబ్బుకు ఒకే దరఖాస్తు పెట్టుకుంటాయి, ఎవరికి ముందు ఇల్లు అన్నది ఆ జాబితా చెబుతుంది. పదేళ్లలో వీధుల్లో ఉన్నవాళ్ల సంఖ్య సగం కంటే ఎక్కువ తగ్గింది.

మన పట్టణానికి బోర్డు అక్కర్లేదు. ఒక కోఆర్డినేటర్, ఒక రిజిస్టర్, వారానికొక అరగంట సమావేశం చాలు. ఆ కోఆర్డినేటర్ జీతం జనరల్ ఫండ్ నుంచే రావాలి. స్వచ్ఛంద సంస్థ ఉద్యోగి ఫోన్ చేస్తే సూపరింటెండెంట్ ఎత్తడు, మున్సిపల్ ఆఫీసు నుంచి వస్తే ఎత్తుతాడు.

మీ ఊరు ఏ రకం?

పెద్దాసుపత్రి ఉన్న ఊరైతే, గుంటూరు, కర్నూలు, కాకినాడ లాంటివి, గేటు బయట పడుకునేవాళ్లలో చాలామంది రోగుల బంధువులు. వాళ్లకు ఇల్లుంది, ఈ ఊళ్లో లేదు. వాళ్లకు కావలసింది ఆసుపత్రి ఆవరణలో పడక, స్నానాల గది. అది ఆర్థిక సంఘం డబ్బుతోనో సీఎస్‌ఆర్‌తోనో అయిపోయే పని, ఆసుపత్రి అభివృద్ధి సంఘాన్ని కూడా కలుపుకోవచ్చు. వీళ్లను, ఏళ్లుగా రోడ్డు మీదున్నవాళ్లను ఒకే రిజిస్టర్‌లో కలపకండి. మంచాలు నిండినట్టు కనిపిస్తాయి, అసలువాళ్లు బయటే ఉంటారు.

తిరుపతి, శ్రీకాళహస్తి, భద్రాచలం లాంటి క్షేత్రాల్లో తిండికి లోటుండదు, స్నానానికీ వైద్యానికీ ఉంటుంది. అక్కడ పిల్లలు వదిలేసి వెళ్లిన వృద్ధులు ఎక్కువ, కాగితాల మనిషి మీద ముందు ఖర్చు పెట్టండి. స్మైల్ వర్తించే ఊరైతే తీసుకోండి.

రైల్వే జంక్షన్ ఊళ్లు, విజయవాడ, కాజీపేట, గుంతకల్లు లాంటివి అన్నిటికంటే కష్టం, జనం నిలవరు. ఇక్కడ భవనం కంటే రాత్రి బృందం ముఖ్యం, ఆడవాళ్ల కోసం విడిగా చిన్న షెల్టర్ ఇంకా ముఖ్యం. మగవాళ్ల షెల్టర్‌లో ఒక మూలకు తెర కట్టి ఆడవాళ్ల విభాగం అని రాసినచోట ఒక్క ఆడమనిషి పడుకోగా నేను చూడలేదు.

సంస్థకు ఎలా చెల్లించాలి

తలకింత అని చెల్లిస్తే రిజిస్టర్‌లో పేర్లు పుట్టుకొస్తాయి, తాగొచ్చేవాళ్లనూ మతి స్థిమితం లేనివాళ్లనూ పక్కన పెట్టి బాధ లేనివాళ్లనే తీసుకుంటారు. నెలకింత అని గుత్తగా ఇస్తే ఖాళీ మంచాలకు కూడా బిల్లు పడుతుంది. రెండూ కలపండి. జీతాలు, అద్దె, కరెంటు గుత్తగా, మూడు నెలలకోసారి ముందుగా. దుప్పట్లు, సబ్బులు, మందులు తల లెక్కన. వేలిముద్ర యంత్రం పెట్టి లెక్క తేల్చుదామని ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోకండి, ఆధార్ లేని మనిషి గుమ్మంలోనే ఆగిపోతాడు. బదులుగా నెలకొక రాత్రి చెప్పకుండా ఒక కౌన్సిలర్ వెళ్లి తలలు లెక్కపెట్టి సంతకం పెడితే చాలు.

బిల్లు ఆలస్యమైతే ఏమవుతుందో కూడా ఒప్పందంలో రాయించుకోండి. మా సంస్థకు ఒకసారి ఎనిమిది నెలలు ఆగింది. మొదట వెళ్లిపోయింది రాత్రి షిఫ్టు కేర్‌టేకరే. ఆయన కోసమే లోపలికి వచ్చిన పదకొండు మంది వారంలోపు ఫుట్‌పాత్ మీదికి తిరిగిపోయారు.

ఈ ఏడాది మీ చేతిలో ఐదున్నర లక్షలే ఉంటే భవనం జోలికి పోకండి. ఇద్దరు రాత్రి మనుషులు, ఒక కాగితాల మనిషి. పడకలకు ఖాళీగా ఉన్న కమ్యూనిటీ హాలు తాళం చెవి అడగండి. డిసెంబరులో ఒక రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము మూడు దాకా ఊరంతా తిరిగి లెక్క తీయండి, వార్డులవారీగా. ఆ కాగితం ప్రతులు ప్రతి కౌన్సిలర్‌కూ ఇవ్వండి. తమ వార్డులో 14 మంది ఉన్నారని అంకె కనిపించాక, బడ్జెట్ పుస్తకంలో ఆ ఒక్క వరుసకు అడ్డు చెప్పిన కౌన్సిలర్‌ను నేనింకా చూడలేదు.